తగ్గితే ఒకటి నొక్కండి

“నొక్కింది నీ వేలు. దానికి నా కూతురేం చేస్తుంది?”

పొద్దుటి నుంచీ అదే మాట. టీ కప్పులు సర్దుతూ అంది, గదులు ఊడుస్తూ అంది, ఇప్పుడు వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి అంటోంది అత్తగారు.

వదిన సింకు దగ్గర ఉంది. వీపు ఇటు పెట్టి, పంపు సన్నగా తిప్పి, రొమ్ముల్లోంచి పాలు పిండి పారబోస్తోంది. బిడ్డ పోయిన సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆమె ఒంటికి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

“నేనెవర్నీ ఏమీ అనలేదు అత్తయ్యా.”

“అనలేదా? ఆస్పత్రిలో పదిమంది ముందు ‘ఫోనుకి చెప్పాను, ఫోనుకి చెప్పాను’ అని గుండెలు బాదుకున్నావే. ఆ ఫోను ఎవరు తయారుచేశారు? మీ నాన్నా?”

వదిన పంపు పెద్దగా తిప్పింది. నీళ్ళ చప్పుడులో మాట వినబడదనుకుంది కాబోలు. ఈ ఇంట్లో అత్తగారి గొంతు ముందు పంపు ఏపాటిది?

“ఆ నీళ్ళు కట్టెయ్యి. సాయంత్రం డాక్టరమ్మ విచారణకి వస్తోంది. ఆవిడ ముందు కూడా ఇదే పాట పాడావంటే ఊరుకోను.”

ముందుగదిలో కూర్చుని చిలక ఇదంతా వింటోంది. చిలక ఈ ఇంటి ఆడపిల్ల, ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. పలుకు తియ్యగా ఉంటుందని చిన్నప్పుడు వీధివాళ్ళు పెట్టిన పేరు అది. ఇప్పుడా పలుకు చుట్టుపక్కల పల్లెల్లో కడుపుతో ఉన్న ఆడవాళ్ళందరి ఫోన్లలోనూ వినబడుతోంది. తనూ, తనతో చదివే కళ్ళజోడు కుర్రాడూ కలిసి తయారుచేశారు దాన్ని. రోజూ మధ్యాహ్నం ఫోను దానంతట అదే వస్తుంది. చిలక గొంతు ఒక్కొక్క బాధ పేరూ చెప్పి ఎలా ఉందని అడుగుతుంది. చదువు రానక్కర్లేదు, అంకె నొక్కితే చాలు. తేడా ఉంటే నర్సుకి కబురు వెళ్తుంది, నర్సు ఇంటికే వస్తుంది. జనం దానికి చిలక ఫోను అని పేరు పెట్టేశారు. తల్లి ఆ పేరు చెప్పుకుని వీధిలో తలెత్తుకు తిరిగింది. కాస్త ఎక్కువే ఎత్తుకుంది.

ఆ చిలక ఇంట్లోనే, పోయిన వారం, తొమ్మిదో నెల బిడ్డ కడుపులోనే పోయాడు. కదలిక ముందే తగ్గి ఉంటుంది, అప్పుడే ఎందుకు తీసుకురాలేదని ఆస్పత్రిలో నిలదీశారు. చిలక తన ఫోను తీసి చూసి, అందరూ వినేటట్టు, “వదిన బాగానే ఉందని నొక్కింది” అంది.

అబద్ధం చెప్పలేదు. అక్కడ అలాగే కనబడింది. కానీ ఆ ఒక్క మాటతో వదిన బిడ్డను పోగొట్టుకున్న తల్లి కాకుండా పోయింది. బిడ్డను పొట్టన పెట్టుకున్న తల్లి అయి కూర్చుంది.

అన్నయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. మోటార్లకి తీగ చుట్టే కొట్టు అతనిది. కొట్టు తెరిచే వేళ దాటిపోయింది.

“ఏమండీ, మీకు కూడా చెప్పాను కదా,” అంది వదిన. “బాబు సరిగ్గా తిరగడం లేదని.”

అన్నయ్య చెప్పుల కోసం బల్ల కిందికి వంగాడు. “ఫోనుకి చెప్పమన్నాను కదా.”

“చెప్పాను.”

“ఏం చెప్పావో కనబడుతూనే ఉందిగా.”

చెప్పులు దొరికాయి. వెళ్ళిపోయాడు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఈ ఇంట్లో మాత్రం పిడికిళ్ళన్నీ తెచ్చి ఒక్క ఒళ్ళోనే పోశారు.

*

మధ్యాహ్నం తల్లి కాసేపు నడుం వాల్చింది. ఆ సందు చూసుకుని చిలక కంచంలో భోజనం పెట్టుకుని వదిన గదిలోకి వెళ్ళింది. ఆస్పత్రిలో ఆ మాట అన్నాక వదినతో ఒంటరిగా కూర్చోవడం ఇదే మొదటిసారి.

“తిను వదినా. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు.”

వదిన కంచం అందుకుని పక్కన పెట్టింది. అంతలో మంచం మీద ఆమె ఫోను మోగింది.

“ఎవరు?” అంది చిలక.

“నువ్వే.”

చిలకకి అర్థం కాలేదు. వదిన ఫోను తీసి, గొంతు పైకి వినబడేటట్టు చేసి, ఇద్దరి మధ్యా దుప్పటి మీద పెట్టింది.

“నమస్కారమమ్మా. తలనొప్పి... తగ్గిందా? తగ్గితే ఒకటి నొక్కండి. తగ్గకపోతే రెండు నొక్కండి.”

తన గొంతే. బయటి చప్పుడు పడకూడదని హాస్టలు గదిలో తలమీద నుంచి దుప్పటి కప్పుకుని, చెమటలు కక్కుతూ రికార్డు చేసిన గొంతు.

వదిన ఒకటి నొక్కింది.

“కాళ్ళ వాపు... తగ్గిందా? తగ్గితే ఒకటి నొక్కండి. తగ్గకపోతే రెండు నొక్కండి.”

ఒకటి.

“బిడ్డ కదలిక... తగ్గిందా? తగ్గితే ఒకటి నొక్కండి. తగ్గకపోతే రెండు నొక్కండి.”

వదిన చిలక మొహంలోకి చూస్తూ ఒకటి నొక్కింది.

“చాలా సంతోషం. తల్లీ బిడ్డా క్షేమం. విశ్రాంతి తీసుకోండి. రేపు మళ్ళీ పలకరిస్తాను.”

ఫోను ఆగిపోయింది. వదిన దాన్ని తిప్పి బోర్లా పెట్టింది.

“రోజూ వస్తోంది,” అంది. “ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాటి నుంచీ. నా నంబరు తీసెయ్యాలని ఎవరికీ తోచినట్టు లేదు. రోజూ అదే నొక్కుతున్నాను. రోజూ నీకు సంతోషంగానే ఉంటోంది.”

మన వాడుకలో తగ్గడమంత మంచి మాట లేదు. జ్వరం తగ్గిందా అంటాం, నొప్పి తగ్గిందా అంటాం. రోగం పేరెత్తకుండా “తగ్గిందా?” అని ఊరికే అడిగినా బాగైందా అనే అర్థం. అందుకే చిలక బాధల పేర్లు విడివిడిగా పలికి, “తగ్గిందా” అనే ముక్క ఒక్కసారే రికార్డు చేసింది. కళ్ళజోడు ఆ ముక్కని అన్నిటికీ తోకలా తగిలించాడు. ఒకటి నొక్కితే సంతోషం, రెండు నొక్కితే నర్సు. పోయిన నెల, పల్లెలకి ఈ ఫోను ఇప్పిస్తున్న డాక్టరమ్మ బిడ్డ కదలిక గురించి కూడా అడిగించమంది. చిలక క్లాసుకి పరిగెత్తే తొందరలో “బిడ్డ కదలిక” అని రెండే రెండు మాటలు పలికి పంపింది. అతను దానికీ అదే తోక తగిలించాడు. కదలిక తగ్గితే పోయేది రోగం కాదని అంత చదువుకున్న ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఇప్పుడు తట్టింది.

“వదినా...”

“నాకూ అనుమానం వచ్చిందే ఆ రోజు. కదలిక తగ్గిందని చెప్తుంటే సంతోషమంటుందేమిటి అని. మళ్ళీ నేనే సర్దుకున్నాను. చదువుకున్నదానివి, నీకు తెలియదా? ఆఖరి నెలలో తగ్గడం మంచిదేమో, అందుకే అలా అంటోంది అనుకున్నాను. అనుకుని పడుకున్నాను.”

“నాకు ఫోను చెయ్యచ్చు కదా! ఒక్కసారి నన్ను అడగచ్చు కదా!”

అన్నాక చిలకకి తన నోటి మీద తనకే అసహ్యం వేసింది.

“రోజూ నువ్వే చేస్తున్నావు కదే,” అంది వదిన. “మళ్ళీ నేను చెయ్యడమెందుకు?”

కంచంలో మెతుకులు ఎండిపోతున్నాయి.

“సాయంత్రం డాక్టరమ్మకి నేనే చెప్తాను,” అంది చిలక చివరికి. “తప్పు నాదేనని చెప్తాను వదినా. ఒట్టు.”

“చెప్పు. నేను చెప్తే ఏడుపంటారు. నువ్వు చెప్తే మాటంటారు.”

*

డాబా మీదికి వెళ్ళి చిలక కళ్ళజోడుకి ఫోను చేసింది. అతను అడ్డు రాకుండా అంతా విన్నాడు. విన్నాక నాలుక చప్పరించిన చప్పుడు వినబడింది.

“అదన్నమాట సంగతి! రెండు నొక్కారు కదా అని నర్సు పడుతూ లేస్తూ వెళ్తే, అక్కడ అంతా బాగానే ఉంటోందిట. ఉట్టినే తిప్పుతున్నారని నర్సులు గొడవ చేశారు. ఆడవాళ్ళకి భయమెక్కువ కదా, అందుకే నొక్కుతున్నారనుకున్నాను.”

“ముందు దాన్ని ఆపు.”

“ఎలా ఆపుతాం? మిగతా ఊళ్ళకి ఇచ్చే ముందు పై అధికారుల పరీక్షకి ఇచ్చేశాం కదా. పెద్దవాళ్ళు చూసి సరేననేదాకా మనం దాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఎందుకు ముట్టుకున్నారంటారు. నెలాఖరు దాకా ఓపిక పట్టు. తర్వాత చప్పుడు కాకుండా మార్చేద్దాం.”

“ఈలోగా?”

“ఈలోగా అందరికీ అలాగే అవుతుందా ఏమిటి?”

“మా వదినకి అయింది.”

“అదే నేననేది కూడా. అయ్యిందేదో మీ ఇంట్లోనే అయింది, నయం. బయటివాళ్ళింట్లో అయ్యుంటే ఈపాటికి ఇద్దరం పోలీస్‌స్టేషన్లో ఉండేవాళ్ళం.”

తెలివైన కుర్రాడు. లెక్క తప్పడు. ఆ లెక్క వినలేక చిలక ఫోను పెట్టేసింది. పెట్టేశాక మాత్రం అందులో కాస్త నిజముందని కూడా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడుతూ వెనక్కి తిరిగితే, తడి బట్టల బకెట్టు చంకన పెట్టుకుని తల్లి మెట్ల మీద నిలబడి ఉంది.

ఎంతసేపటి నుంచి నిలబడిందో అడగనక్కర్లేకపోయింది.

“అమ్మా, తప్పు నాదే. నేను అడిగిన మాటే తప్పు.”

తల్లి దుప్పటి దులిపి తీగ మీద వేసింది. అంచులు సమంగా లాగింది. క్లిప్పు పెట్టింది.

“ఇంకెవరికి తెలుసు?”

“వదినకి.”

“అదొక లెక్కా? ఇంకెవరికి?”

“సాయంత్రం డాక్టరమ్మకి చెప్తానని వదినకి ఒట్టేశానమ్మా.”

“ఒట్టు తీసి గట్టు మీద పెట్టు.” తల్లి ఇంకో బట్ట తీసింది. “అడిగింది నోరు, నొక్కింది వేలు. నోరు నా కూతురిది, వేలు పరాయిపిల్లది. రెంట్లో తప్పు దేనిదంటానో నాకొకళ్ళు నేర్పాలా?”

“వదిన ఒక్కర్తే కాదమ్మా. మన వీధి టైలరు కోడలికి నెలలు నిండాయి. దానికీ రోజూ ఇదే ఫోను వెళ్తోంది.”

“టైలరు కోడలికి టైలరున్నాడు. నీకు నేనున్నాను.”



*

కొట్టు నుంచి అన్నయ్యని పిలిపించారు. సంగతి విని అతను చేతికంటిన వార్నీషు గోటితో గీకుతూ కూర్చున్నాడు.

“నిజమేనా?” అన్నాడు చెల్లెలితో.

చిలక తల దించుకుంది.

వదిన గోడకి ఆనుకుని నిలబడి భర్తనే చూస్తోంది. వారం రోజులుగా తనని చూడడం మానేసిన మనిషి ఇప్పుడైనా ఇటు తిరుగుతాడని, ఒక్క మాటైనా అంటాడని ఆశపడింది. ఎంత ఆశపడిందో మొహం చూసినవాళ్ళెవరికైనా తెలిసేది. ఎవరూ చూడలేదు.

“పోయినవాడు ఎలాగూ తిరిగిరాడు,” అన్నాడు అన్నయ్య. “ఉన్నదాని బతుకు పాడుచెయ్యడం ఎందుకు?”

“ఉన్నదంటే నేననుకున్నాను,” అంది వదిన.

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

అత్తగారు గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గిందంటే అరుపు కంటే భయం. “చూడమ్మా. నువ్వు మళ్ళీ కంటావు. ఇది మళ్ళీ చదవలేదు. కంగారులో తప్పు నొక్కానని ఒక్క మాట అను. ఇక ఈ విషయం ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. అననంటావా, సంచీ సర్దుకో. మీ అన్నయ్యకి కబురు పెడతాను. మీ వదిన నిన్ను ఎన్నాళ్ళు భరిస్తుందో నాకంటే నీకే బాగా తెలుసు.”

పుట్టింటికి తిరిగొచ్చిన ఆడపడుచుని ఏ ఇంటి వదినైనా ఎలా చూస్తుందో ఆ గదిలో అందరికీ తెలుసు.

“చిలక చెప్తానంది,” అంది వదిన. “దాన్ని చెప్పనివ్వండి. అది చెప్పకపోతే, అప్పుడు మీరు చెప్పమన్నదే చెప్తాను.”

చిలకకి ఆ క్షణంలో వదిన మీద కోపం వచ్చింది. బరువంతా తెచ్చి తన నెత్తిన పెట్టిందని కోపం. ఆ బరువు ఎవరిదో గుర్తొచ్చేసరికి కాస్త ఆలస్యమైంది.

*

డాక్టరమ్మ పొద్దు వాలుతుండగా వచ్చింది. ఊళ్ళన్నీ తిరిగి చీర అంచు నిండా దుమ్ము. తల్లి కుర్చీ తుడిచి వేసింది, టీ ఇచ్చింది, “మా చిలక మీ గురించే చెప్తూ ఉంటుంది” అంది. డాక్టరమ్మ ఆ మాటని టీతో పాటు పక్కన పెట్టింది.

“నాకు కావలసింది ఒక్కటే,” అంది. “మిషను తప్పా, మనిషి తప్పా? మిషను తప్పయితే చెప్పండి, ఇవాళే, ఇక్కణ్ణుంచే ఆపించేస్తాను. పెద్దల పరీక్షా గిరీక్షా తర్వాత సంగతి. మనిషి తప్పయితే నేను చెయ్యగలిగిందేమీ లేదు.”

అన్నయ్య కిటికీ చువ్వలు పట్టుకున్నాడు. తల్లి కొంగు నడుముకి దోపుకుని కూతురి వెనకాలే నిలబడింది.

“చెప్పమ్మా, చేసినదానివి నువ్వే కదా?”

చిలక నోరు తెరిచింది. దొంగకి తేలు కుట్టినట్టు మళ్ళీ మూసుకుంది. కళ్ళముందు ఏవేవో కదిలాయి. బహుమతి తీసుకున్న రోజు వేదిక మీద దీపాలు, కాలేజీ గోడ మీద తన బొమ్మ, పోలీస్‌స్టేషన్ అన్న కళ్ళజోడు మాట. వదిన సింకు దగ్గర నిలబడ్డ తీరు కూడా కదిలింది. న్యాయంగా చెప్పాలంటే అదీ కదిలింది.

డాక్టరమ్మకి ఆ పిల్ల మీద జాలి వేసింది. “భయపడకు. అసలు నీ ఫోను ఏమని అడుగుతుంది? కదలిక గురించి అడిగే మాట ఒకసారి నీ నోటితో చెప్పు, వింటాను.”

ఇంతకంటే సులువైన దారి ఎవరు చూపిస్తారు? తప్పు ఒప్పుకోనక్కర్లేదు, ఏడవనక్కర్లేదు, ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. ఉన్న మాట ఉన్నట్టు పలికితే చాలు. మిగతాది ఆవిడే అర్థం చేసుకుంటుంది.

వదిన తలెత్తి చూసింది.

“బిడ్డ కదలిక బాగుందా?” అంది చిలక. “బాగుంటే ఒకటి నొక్కండి. బాగుండకపోతే రెండు నొక్కండి.”

ఎంత చక్కగా పలికింది! ఒక్క అక్షరం తడబడలేదు. ఈ మాటే అప్పుడు హాస్టలు గదిలో పలికి ఉంటే, ఈ ఇంట్లో ఈపాటికి ఒక పిల్లాడు ఏడుస్తూ ఉండేవాడు.

డాక్టరమ్మ వదిన వైపు తిరిగింది. “విన్నావుగా. చంటిపిల్లకైనా అర్థమవుతుంది. దీనికి ఒకటెందుకు నొక్కావు?”

వదిన చిలకని ఇంకా చూస్తూనే ఉంది. ఆమె చూపులో కోపం లేదు. ఎదురుచూపు అయిపోయినట్టుంది, అంతే.

“తప్పు నొక్కానండీ,” అంది.

“ఎలా?”

“కంగారులో.”

“బిడ్డ కదలకపోతే మనిషికి రావాల్సిన కంగారు వేలికొచ్చిందా?”

డాక్టరమ్మ చెడ్డ మనిషి కాదు. కాపాడగలిగిన ప్రాణాలు పోతుంటే చూసి చూసి విసిగిపోయిన మనిషి. తను అన్న మాట ఎక్కడ దిగిందో ఆవిడకి తెలియదు.

“అవునండీ,” అంది వదిన.

“మందలించడానికి రాలేదమ్మా. కానీ మీలాంటివాళ్ళ కోసమే కదా ఈ పిల్లలు ఇంత కష్టపడేది? కాస్త మనసు పెట్టి వినద్దూ?” డాక్టరమ్మ లేచింది. చిలక భుజం తట్టింది. “నువ్వు దిగులు పెట్టుకోకు. నీ తప్పేం లేదు. పెద్దలకి నేనే చెప్తాను. సోమవారం నుంచి మిగతా ఊళ్ళకి కూడా ఇచ్చేద్దాం.”

“అలాగేనండీ,” అంది చిలక.

డాక్టరమ్మని బస్సు దాకా దింపడానికి అన్నయ్య బండి తీశాడు. బండి చప్పుడు వీధి మలుపు దాటాక తల్లి గట్టిగా ఊపిరి వదిలి కుర్చీలో కూలబడింది. “గండం గడిచింది,” అంది.

వదిన లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. చెప్పులు వేసుకుంది.

“ఎక్కడికి?” అంది అత్తగారు.

“టైలరు వాళ్ళింటికి.”

“ఇప్పుడెందుకు?”

“డాక్టరమ్మకి మీరు చెప్పమన్నదే చెప్పాను అత్తయ్యా. మాట తప్పలేదు. టైలరు కోడలికి ఏం చెప్పాలో మీరు చెప్పలేదుగా.”

తల్లికి కుర్చీలోంచి లేవడానికి ఒక్క క్షణం పట్టింది. మోకాళ్ళు పట్టేశాయి.

“చిలకా! తలుపు!”

గుమ్మం దగ్గర ఉన్నది చిలకే. వదిన నడిచి వచ్చి ఆమె ఎదురుగా ఆగింది. తొయ్యలేదు, బతిమాలలేదు. ఇద్దరి మధ్యా జానెడు ఎడం. వదిన జాకెట్టు మళ్ళీ తడిసింది. ఆ పాల వాసన చిలకకి తెలుస్తూనే ఉంది.

“రేపు మధ్యాహ్నం దానికి ఫోను వస్తుంది,” అంది వదిన మెల్లిగా. “అది కూడా నిన్నే నమ్ముతుంది. తప్పుకో తల్లీ.”

“వెయ్యవే గడియ!” అంది వెనకనుంచి తల్లి.

చిలక ఏడుస్తోంది. దొంగ ఏడుపు కాదు, నిజంగానే వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఏడుస్తూనే చెయ్యి వీపు వెనక్కి పెట్టి, తడుముకుని, గడియ వేసింది.